జిగణి కూడా బెంగళూరే

నేను పాత ఊరి నడిబొడ్డున బళేపేటలో పుట్టి, ఊరవతల ఫ్యాక్టరీల జిగణిలో రిటైరయ్యాను. ఈ రెంటి మధ్యలో ఉన్న ఊరినే బయటివాళ్ళు బెంగళూరు అంటారు. నేను మాత్రం దాన్ని ఎక్కువగా ఫ్యాక్టరీ బస్సు కిటికీలోంచే చూశాను.

నా ఉద్యోగం పేరు పర్సనెల్ ఆఫీసర్. ఇప్పుడు హెచ్చార్ అంటున్నారు. పేరు మారినా పని మారలేదు. బయటి ఊళ్ళ నుంచి ఇంజనీర్లను పిలిపించాలి. వచ్చినవాళ్ళు పారిపోకుండా చూడాలి. రెండో పని ఏ కాగితంలోనూ రాసి ఉండదు. నా జుట్టు నెరిసింది దానివల్లే.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవం చెప్పండి" అంటారు. ప్రమోషన్ల సంగతి చెప్పను, అది నాకే బోరు. ఒక కొలిమి గురించి, ఒక బూడిద గుమ్మడికాయ గురించి చెబుతాను. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది కాబట్టి ఇప్పుడు రాసి పెడుతున్నాను.

ఎవరి బెంగళూరు వాళ్ళది

తొంభైల మొదట్లో మా కడప చుట్టాలు ఇంటికొస్తే గుమ్మంలోనే మొదలుపెట్టేవారు. "మీకేమప్పా, ఫ్యాను లేకుండా నిద్రపోయే ఊర్లో ఉండారు!" వాళ్ళ లెక్కలో ఇది పింఛను తీసుకునేవాళ్ళు పార్కు బెంచీ మీద కూచుని చల్లగా కాలం గడిపే ఊరు. మద్రాసు నుంచి మా ఫ్యాక్టరీకి సరుకు చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఇంకో అనుమానం. చల్లటి ఊరు కదా, ఇక్కడి మనుషులు పొద్దున్నే లేవరని. తర్వాత కొన్నేళ్ళకు పబ్బుల ఊరన్నారు. ఆ తర్వాత కంప్యూటర్ల ఊరన్నారు. కోస్తా తెలుగువాళ్ళు మాత్రం కాలం ఎంత మారినా ఒకే మాట మీద నిలబడ్డారు: "అక్కడ సాంబారులో బెల్లం వేస్తారంట కదండీ!" ఇది మాత్రం నిజమే. దాని మీద నేనెప్పుడూ వాదించలేదు.

దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. కాకపోతే కొందరికి దూరం నుంచి నునుపు కనపడుతుంది, కొందరికి గరుకు కనపడుతుంది. దగ్గరికొచ్చి చూసేవాళ్ళు తక్కువ.

మా నాన్నది బళేపేటలో నట్లూ బోల్టుల అంగడి. తెల్లారి ఆయన తాళం తీయకముందే చిన్న చిన్న వర్క్‌షాపుల వాళ్ళు మెట్ల మీద కూచుని ఉండేవారు. సందుకొక లేతు మిషను, ఇంటి ముందు ముగ్గు, పక్కనే ఇనప రజను. నేను ఎరిగిన బెంగళూరు అది. లాల్‌బాగ్ చూసి మురిసిపోయే చుట్టాలను చూసి మా నాన్న నవ్వేవాడు.

"బయటోళ్ళు తోట చూసి పోతారప్పా. తోటకి నీళ్ళు పెట్టే పంపు ఎవురు చేసినారని అడగరు."

ఆ పంపుల్లోకీ మోటార్లలోకీ వెళ్ళే గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలోనే నాకు ఉద్యోగం రావడం చూసి ఆయన సంతోషం పట్టలేకపోయాడు. వీధిలో అందరికీ మైసూరుపాకు పంచాడు. నేనేదో ఆ పంపు కనిపెట్టినట్టు.

జీఎం గారి కర్టెన్లు

మా జనరల్ మేనేజర్ రాఘవన్ గారు మంచివారు, తెలివైనవారు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. తంజావూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంజనీర్లు దొరకాలంటే ఊరి పేరే ఎర అని ఆయన నమ్మకం. పేపర్లో మా ప్రకటన ఎప్పుడు వేసినా అందులో ఒక పార్కు బొమ్మ, ఒక పూలచెట్టు ఉండేవి. గేరు బొమ్మ ఒక్కసారీ లేదు.

కొత్తగా చేరేవాళ్ళను మెజెస్టిక్ బస్టాండులో కారెక్కించుకుని, విధాన సౌధ ముందు నుంచి, కబ్బన్ పార్కు పక్క నుంచి తిప్పి, అప్పుడు జిగణి తీసుకురావాలి. అది ఆయన ఆజ్ఞ. జిగణిలో గ్రానైటు కోసే యూనిట్లు చాలా ఉన్నాయి. ఆ తెల్లటి దుమ్ము చెట్ల మీద, గోడల మీద, టీ కొట్టు మీద పేరుకుని ఉంటుంది. అది కనపడకూడదని ఆయన కారు కిటికీలకు కర్టెన్లు కుట్టించారు! పెళ్ళికూతుర్ని తెస్తున్నట్టు ఇంజనీర్లను తెచ్చేదాన్ని.

ఒకసారి తెనాలి నుంచి రవికిరణ్ అనే అబ్బాయి వచ్చాడు. దారిలో కాస్త కునుకు తీసి, లేచి కర్టెను జరిపి చూసి అడిగాడు.

"మేడం, బెంగళూరు ఎప్పుడొస్తుందండీ?"

"వచ్చి దాటిపోయిందప్పా."

వాడి మొహం నాకింకా గుర్తుంది. పాపం నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ అబ్బాయిని కొలిమి పనిలో వేశారు. గేర్లను ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచే పెద్ద విద్యుత్ కొలిమి అది. వేడి కాస్త అటూ ఇటూ అయితే గేరు పగులుతుంది. అందుకే దానికి చదువుకున్న మనిషి, పట్టుగా నిలిచే మనిషి కావాలి. రవికిరణ్‌కు చదువు ఉంది. పట్టు ఉందో లేదో తేలకముందే దసరా వచ్చింది.

మా ఫ్యాక్టరీలో ఆయుధ పూజకు ఒక కట్టుబాటు ఉంది. పండగ సెలవులకు ముందురోజు యంత్రాలన్నీ ఆపేస్తారు. కిరసనాయిలు పెట్టి తుడుస్తారు, పసుపూ కుంకుమా పెడతారు, అరటి పిలకలు కడతారు. ఆ తర్వాత ఏ యంత్రం ఎవరి చేతి కింద ఉందో వాళ్ళే దాని ముందు బూడిద గుమ్మడికాయ కొట్టాలి. మేనేజరైనా సరే, ఇంకొకరి యంత్రానికి కొట్టకూడదు. కొట్టినవాళ్ళే సెలవుల తర్వాత వచ్చి దాన్ని మళ్ళీ నడపాలి, మరుసటి దసరా దాకా దాని మంచిచెడ్డలు చూడాలి. కాయ కొట్టడమంటే మాట ఇవ్వడమే.

రవికిరణ్ కాయ కొట్టాడు. దీపావళి రాకముందే బెళ్ళందూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అద్దాల ఆఫీసులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు నా దగ్గరికి వచ్చి నిజమే చెప్పాడు.

"మేడం, మా ఊళ్ళో అందరికీ బెంగళూరు అని చెప్పానండీ. ఫోటో పంపరా అంటున్నారు. ఏం పంపమంటారు? ఈ దుమ్ము పంపనా?"

నాకు కోపం రాలేదు. పార్కు బొమ్మ చూపించి పిలిచింది మేమే కదా. పార్కు కోసం వచ్చినవాడు పార్కు వెతుక్కుంటూ పోతాడు. పిల్లలూ, నా మొత్తం ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఈ ఒక్క ముక్కే అనుకున్నా తప్పులేదు: ఊరు పేరు చెప్పి తెచ్చిన మనిషిని ఊరు పేరే పట్టుకుపోతుంది.

ఆ ఏడంతా గేరు పగిలినప్పుడల్లా పనివాళ్ళు రవికిరణ్‌ను తలుచుకునేవారు. "దిక్కులేని కొలిమి అయిపోయిందప్పా" అని మా ఫోర్‌మన్ మునియప్ప నిట్టూర్చేవాడు. మునియప్పది ఆనేకల్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, యంత్రంతో రెండూ మాట్లాడేవాడు.

కర్టెన్లు తీసేశాను

మరుసటి వేసవిలో మేరీ సునీత అనే అమ్మాయి వచ్చింది. బెజవాడ పిల్ల, లోహాల ఇంజనీరింగు చదివింది. అప్పటికే ఆమె చేతిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళ ఉద్యోగం కూడా ఉంది. ఆ రోజుల్లో వాళ్ళు ఏ చదువు చదివినవాళ్ళనైనా తీసుకునేవారు.

నేను డ్రైవరుతో కర్టెన్లు తీయించేశాను. విధాన సౌధ లేదు, పార్కు లేదు. తిన్నగా జిగణి. ఆ అమ్మాయి దారంతా కిటికీలోంచి ఆ దుమ్మునే చూస్తూ ఉంది. సరే, ఈమె కూడా పోయిందే అనుకున్నాను. కొలిమి ముందు నిలబడగానే మాత్రం దాని తలుపు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది.

"మా నాన్న షెడ్డు వాసనండీ!" అంది.

నాన్న పేరు శామ్యూల్. బెజవాడలో రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఆయనకు క్యారేజీ తీసుకెళ్ళి, ఇంజన్ల మధ్య కూచుని పెరిగిన పిల్ల ఈమె. ఎర్రటి ఇనుము చూస్తే ఆ పిల్ల కళ్ళు వెలిగేవి. కొలిమి దగ్గర చేరిన కొన్నాళ్ళకే పగుళ్ళు తగ్గాయి. మునియప్ప కొలిమిని దిక్కులేనిది అనడం మానేశాడు.

దసరా దగ్గర పడుతుండగా మేరీ నా గదికి వచ్చి కుర్చీ చివర కూచుంది.

"నాన్న వస్తున్నారండీ. నేను జిగణిలో ఉన్నానని ఆయనకు సరిగ్గా తెలియదు. బెంగళూరంటే పబ్బులనీ, ఆడపిల్లలు చెడిపోతారనీ ఎవరో చెప్పారు. ఒకవేళ ఉంటే గింటే అద్దాల ఆఫీసులో ఉండాలట, లేకపోతే ఇంటికి రావాలట. చూసి, నచ్చకపోతే వెంటబెట్టుకుని తీసుకెళ్తానన్నారు."

"నువ్వేమంటావు?"

"నాకు ఈ పనే కావాలండీ. కానీ అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. ఆయన రమ్మంటే కాదని నేను చెప్పలేను."

ఈ పిల్ల పోతే ఇంకో ఇంజనీరు దొరుకుతాడు, అది నా ఉద్యోగం. కానీ తమకు ఇష్టమైన పని దొరికిన మనుషులు నా ఉద్యోగంలో నాకు ఎక్కువమంది కనపడలేదు.

శామ్యూల్ గారి బెంగళూరు యాత్ర

స్టేషనుకు నేనూ మేరీ వెళ్ళాం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, వెడల్పాటి చేతులు, పెద్ద రేకు పెట్టె. నేను మర్యాదకు పెట్టె అందుకోబోయాను. ఎంత తేలిగ్గా ఉందంటే, లోపల ఏమీ లేదు! మేరీ సామాను సర్దుకుపోవడానికి ఖాళీ పెట్టెతో దిగాడు మహానుభావుడు. మేరీ దాన్ని చూసి తల దించుకుంది.

జీఎం గారు మా కోసం కారు పంపారు. కర్టెన్లు మళ్ళీ వచ్చాయి. ముందు ఊరు చూపించమన్నారు. పైగా మరునాడు ఫ్యాక్టరీలో ఆయుధ పూజ, ఈయన చర్చికి వెళ్ళే మనిషి, ఏమనుకుంటాడో ఏమో, ఆ రోజు కూడా పార్కుల్లోనే తిప్పమని ఫోనులో చెప్పారు. నేను "అట్లేనండీ" అన్నాను. నా ఉద్యోగంలో ఆ మాటను చాలాసార్లు పనికొచ్చేలా వాడుకున్నాను.

మేరీ షిఫ్టుకు వెళ్ళిపోయింది, మేమిద్దరం కాఫీకి హోటల్లో ఆగాం. నేను అలవాటుగా బై-టూ చెప్పాను. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసి తెచ్చాడు సర్వరు. శామ్యూల్ గారు గ్లాసులోకి తొంగి చూసి, నా వైపు జాలిగా చూశారు.

"జీతాలు సరిగ్గా రావట్లేదాండీ మీకు?"

"వస్తాయండీ! ఇది మా ఊరి అలవాటు. కాఫీ కోసం కాదు, ఇంకో మనిషితో కాసేపు కూచునేదానికి. సగం సగం అయితే రోజులో ఎంతమందితోనైనా కూచోవచ్చు కదా."

ఆయన తల ఊపి ఇడ్లీ సాంబారులో ముంచి నోట్లో పెట్టుకున్నారు.

"బెల్లం," అన్నారు, కేసు రుజువైనట్టు.

కాసేపాగి నన్నే పరీక్షగా చూశారు. "మీరు తెలుగువాళ్ళేనాండీ? కూచునేదానికి అంటున్నారు."

"మా తాతల తాతల కాలం నుంచి తెలుగువాళ్ళమేనండీ. ఈ ఊర్లో నాలాంటోళ్ళు వీధికి సగం మంది ఉండారు. బెజవాడకి ఎవరూ చెప్పినట్టు లేదు."

మొదటిసారి నవ్వారు.

బెళ్ళందూరు వైపు తీసుకెళ్ళి అద్దాల భవనం చూపించాను. ఆయన కారు దిగి, అద్దానికి దగ్గరగా వెళ్ళి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. లోపల ఏమీ కనపడలేదు.

"అద్దమంటే లోపల ఏం జరుగుతోందో కనపడాలి కదండీ. దీంట్లో నా మొహమే కనపడుతోంది."

"వాళ్ళ పని వాళ్ళదండీ, మంచి జీతాలు" అన్నాను. అబద్ధం కాదు కదా. రవికిరణ్ కూడా ఆ వరసలోనే ఎక్కడో హాయిగా ఉన్నాడు.

కారెక్కాక గొంతు తగ్గించి అడిగారు. "ఆ పబ్బులు ఎక్కడుంటాయండీ?"

"నేను పుట్టి పెరిగిన ఊరేనండీ, ఒక్కటీ లోపలికి పోయి చూళ్ళేదు. రిటైరయ్యేలోగా ఒకటి చూపించమని మా ఆయన్ని అడుగుతుండాను. ఆయన వినడు."

ఆయన ఈసారి పైకే నవ్వారు. తర్వాత మళ్ళీ గంభీరంగా అయిపోయి, "రేపు అమ్మాయి పనిచేసే చోటు చూపించండి. పార్కులు చాలు" అన్నారు.

నేను కూడా ఆ మాట కోసమే చూస్తున్నాను.

కొలిమికి ఉండాది కదమ్మా

మరునాడు జిగణి. కారు కర్టెన్లు ఆయనే పక్కకు లాగేశారు. గ్రానైటు దుమ్ము చూశారు, టీ కొట్టు ముందు షిఫ్టు దిగిన మనుషులను చూశారు. మేరీ ఒళ్ళో చేతులు గట్టిగా పట్టుకుని కూచుంది.

లోపల యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి. బంతిపూలు, చామంతులు, అరటి పిలకలు. శామ్యూల్ గారు ఒక్కో యంత్రం ముందూ ఆగుతూ నడిచారు. ఒక లేతు కింద చెయ్యి పెట్టి రుద్ది, వేలు చూసుకున్నారు. మరక లేదు. ఆయన మెడ కాస్త నిటారుగా అయింది.

ఒక్కొక్కరూ తమ యంత్రం ముందు కాయ కొట్టడం అయిపోయింది. కొలిమి దగ్గర మాత్రం గుంపు చేరింది, గొడవ మొదలైంది.

"మేరీ మేడమే కొట్టాల. ఆయమ్మ చేతి కింద కదా ఉండేది" అన్నాడు ఒకడు.

"ఆడోళ్ళు బూడిద గుమ్మడికాయ కొట్టేది లేదప్పా" అన్నాడు ఇంకొకడు.

మేరీ ముందుకొచ్చింది. "నాకేం అభ్యంతరం లేదండీ. పూజ మీరు చెయ్యండి, కాయ నేను కొడతాను."

మునియప్ప బుర్ర గోక్కున్నాడు. "నీకు లేకపోయినా కొలిమికి ఉండాది కదమ్మా."

నాకు ఒళ్ళు మండింది. కొలిమి వచ్చి నీ చెవిలో చెప్పిందా అని అడగబోయాను. ఆ కొలిమిని ఈ పిల్ల కాచుకున్నట్టు ఎవరు కాచుకున్నారు! అంతలో మునియప్పకే ఒక ఉపాయం తట్టింది.

"మేడం ఇంటోళ్ళు మగోళ్ళు ఎవురన్నా కొడితే మేడం కొట్టినట్టే. ఇంటి మనిషి కదా."

గుంపంతా ఒక్కసారి శామ్యూల్ గారి వైపు తిరిగింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని లేతు పక్కన నిలబడి ఉన్నారు. కూతుర్ని తీసుకుపోవడానికి ఖాళీ పెట్టెతో వచ్చిన మనిషని నాకూ మేరీకీ తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. మునియప్ప అమాయకంగా కాయ చేతుల్లోకి తీసుకుని, దానికి గాటు పెట్టి కుంకుమ నింపి, ఆయన ముందుకు చాచాడు.

ఆయన అందుకోలేదు.

"కొట్టినవాళ్ళే మళ్ళీ వచ్చి దీన్ని వెలిగించాలా?" అని అడిగారు.

"అవును అయ్యా. మేడం ఉండేటట్టయితేనే కొట్టాల. పోయినేడు ఒకాయన కొట్టి పోయినాడు, యేడంతా మాకు తిప్పలే. ఉండేది లేదంటే ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోము."

ఏదో ఒకటి చెప్పి సర్దుదామనుకున్నాను. మనుషుల మధ్య సర్దడమే కదా నా ఉద్యోగం. కానీ ఇది నేను సర్దగలిగింది కాదని అర్థమై ఊరుకున్నాను. కొన్నిసార్లు నోరు మూసుకోవడం కూడా మన పనే, పిల్లలూ.

శామ్యూల్ గారు కూతురి వైపు తిరిగారు. "నూనె ఎవరు మారుస్తారమ్మా?"

"నేను ఎదురుగా ఉంటేనే మారుస్తారు నాన్నా."

"తలుపు తీసేటప్పుడు?"

"పక్కకి నిలబడతాను. మీరు చెప్పినట్టే."

ఆయన చేతి గడియారం విప్పి మేరీకి ఇచ్చారు. చొక్కా చేతులు మడిచారు. కొలిమి తలుపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. ఆయన తన దేవుడికే చెప్పుకుంటున్నారని అందరికీ తెలుసు. మునియప్పతో సహా అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకు.

తర్వాత కాయ తీసుకుని కొలిమికి దిష్టి తీసినట్టు తిప్పి, దాని తలుపు ముందు నేల మీద కొట్టారు. ఎన్నేళ్ళ అలవాటో, ఒక్క దెబ్బకు సమంగా పగిలింది! కుంకుమ నా చీర అంచు దాకా చిందింది. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. మేరీ తండ్రి గడియారాన్ని గుండెలకు అదుముకుని బాహాటంగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

"మీరు ఏమనుకుంటారో అని మా జీఎం గారు భయపడ్డారండీ" అన్నాను, కళ్ళు తుడుచుకుని.

"నాకు కొత్తాండీ ఇది? మా షెడ్డులో నేను కాయ కొట్టని దసరా లేదు. ఆదివారం చర్చి, దసరాకి ఇంజను. రెంటికీ ఎప్పుడూ గొడవ రాలేదు."

మునియప్ప ఆయన దోసిలి నిండా కడ్లెపురి పోశాడు. బొరుగులూ పుట్నాలూ కలిపి ఇక్కడ ఆయుధ పూజకు పంచుతారు. ఆయన తింటూ, "దీంట్లో బెల్లం లేదేంటండీ?" అని అడిగారు. మునియప్పకు ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు.

శామ్యూల్ గారు సెలవులన్నాళ్ళూ ఉండి, కొలిమి మళ్ళీ వెలిగించేదాకా చూసి వెళ్ళారు. రైలెక్కేటప్పుడు చేతిలో చిన్న సంచీ ఒక్కటే ఉంది. పెట్టె ఏదని అడిగాను.

"అమ్మాయి గదిలో పెట్టానండీ. బట్టలు పెట్టుకోవడానికి దానికో పెట్టె ఉండాలి కదా" అన్నారు, కిటికీలోంచి.

బెజవాడకు చేరిన కబురు

ఆ ఏడాది మాకు దరఖాస్తులు మామూలుగా వచ్చాయి. బెజవాడ వైపు నుంచి మాత్రం ఎప్పుడూ లేనిది కుర్రాళ్ళు వరసగా రాయడం మొదలుపెట్టారు. జీఎం గారు ఈసారి ప్రకటనలో వేయించిన గుల్‌మొహర్ చెట్టు పనిచేసిందన్నారు. నేను "అట్లేనండీ" అన్నాను.

ఇంటర్వ్యూలో ఒక కుర్రాణ్ణి అడిగాను. "జిగణి అంటే తెలుసా? దుమ్ము ఉంటుంది. ఊరికి దూరం."

"తెలుసండీ. శామ్యూల్ గారు చెప్పారు. మా కాలనీలో ఎవరు బెంగళూరు పేరెత్తినా ఆయన పట్టుకుని చెబుతారండీ. సాంబారు తియ్యగా ఉంటుంది, కాఫీ సగమే ఇస్తారు, గాజు మేడల్లో ఏమీ కనపడదు, కానీ కొలిమి ఎవరిదో వాళ్ళ చేతికే ఇస్తారు అని."

నేను పొంగిపోయాను. ఎన్నేళ్ళుగానో ఎంతోమంది ఈ ఊరి గురించి చెప్పగా విన్నాను. చివరికి ఒక్కరైనా మా నాన్న ఎరిగిన ఊరిని చూసి వెళ్ళారు. ఆ కుర్రాణ్ణి, వాడితో వచ్చిన ఇంకొకణ్ణి కూడా తీసుకున్నాం. కర్టెన్లు పీకించి వాటిని ఆఫీసు తుడిచేవాళ్ళకు ఇచ్చేశాను.

మళ్ళీ దసరా వచ్చింది. శామ్యూల్ గారు ఎవరూ పిలవకుండానే దిగారు. నన్ను చూడగానే "బై-టూ?" అన్నారు. మునియప్ప కూడా మామూలుగా కాయలో కుంకుమ నింపి ఆయన ముందుకు చాచాడు. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"నా చేతి కింద ఏ మిషనుందండీ? కొలిమి ఎవరిదో వాళ్ళకే ఇవ్వండి."

మునియప్ప కాయను చూశాడు. కొలిమిని చూశాడు. మేరీని చూశాడు. ఈసారి నేను నోరు తెరవడానికి సిద్ధంగానే ఉన్నాను, కానీ అవసరం రాలేదు.

"యేడంతా గేర్లు పగల్లేదు" అన్నాడు తనలో తాను. "కొలిమికి అభ్యంతరం ఉన్నట్టు కనపళ్ళేదు."

కాయ మేరీ చేతుల్లో పెట్టాడు.

ఆ పిల్లకు ఒక్క దెబ్బకు పగల్లేదు. రెండోసారి ఎత్తి కొట్టింది. కుంకుమ దాని మొహం మీదా, దుమ్ము పట్టిన బూట్ల మీదా చిందింది. అలాగే నిలబడి నవ్వుతుంటే బెజవాడ నుంచి వచ్చిన కుర్రాడు కెమెరాతో ఫోటో తీశాడు. తర్వాత అది కడిగించి తెచ్చి, ఇంటికి పంపిస్తున్నానని నాకు చూపించాడు. వెనకాల తెలుగులో "బెంగళూరు" అని రాశాడు.

జిగణి అని కూడా రాయప్పా అనబోయి ఊరుకున్నాను. సరిగ్గానే రాశాడు.